ఎవరి పేరుతో అడుగుతున్నాం?

(ఆగస్టు 29న పర్లాకిమిడిలో, తెలుగువాళ్లు ఏర్పాటు చేసుకున్న చిన్న సభలో మాట్లాడినదానికి రాతరూపం. సభలోంచి వచ్చిన ప్రశ్నలు కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారం.

గిడుగు రామ్మూర్తి పంతులుగారు పిల్లలకి పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆయన పుట్టినరోజున, ఈ ఊళ్లో, "కంప్యూటర్ సంగతి ఏదైనా మామూలు తెలుగులో చెప్పు బాబూ" అని పెద్దలు అడిగితే తప్పించుకోవడం కుదరదు. నేను బరంపురంలో ఉంటాను. నాలుగైదు వ్యాపారాలవాళ్ల మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా పని. మా వీధిలో ఒక వాక్యం తెలుగులో మొదలై ఒడియాలో పూర్తవుతుంది, మధ్యలో ఇంగ్లీషు ఎలాగూ ఉంటుంది. ఇవాళ కూడా ఇంగ్లీషు మాటలు చాలానే దొర్లుతాయి. పంతులుగారు ఏమీ అనుకోరు, ఆయన జనం వాడే మాట వైపే నిలబడ్డారు కదా.

ముందుగా ఒక చిన్న పని చేస్తాను. ఈ హాలు వైఫైకి నా లాప్‌టాప్ తగిలించాను. తెర మీద కనబడుతోందా? డిగ్ అనే కమాండ్‌తో ఒక ప్రశ్న వేస్తున్నాను. 2.0.0.127 అని కొట్టి, దాని వెనక జెన్ డాట్ స్పామ్‌హాస్ డాట్ ఆర్గ్. ఎంటర్. జవాబు వచ్చింది చూడండి: 127.255.255.254. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. దీనివల్ల నేను ఒకసారి షావుకారుగారి ముందు తల దించుకున్నాను. ఆ కథకి తర్వాత వస్తాను.

మనం పిల్లనిచ్చే ముందు వాకబు చేస్తాం. సంబంధం పలాసలో అయితే పలాసలో మనకి తెలిసినవాళ్లని అడుగుతాం. "ఆ అబ్బాయి ఎలాంటివాడండీ?" అని. మెయిల్ సర్వర్ కూడా రోజంతా చేసేది ఈ వాకబే. ఎక్కడో ఒక మిషన్ వచ్చి తలుపు కొడుతుంది, "మీ ఆఫీసుకి ఉత్తరం తెచ్చాను" అంటుంది. దాని మొహం మనం ఎప్పుడూ చూడలేదు. మన చేతిలో ఉన్నది దాని ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో దాని నంబర్, ఒక్కటే. తలుపు తీయాలా వద్దా అన్నది ఒకటి రెండు సెకన్లలో తేలాలి.

అందుకని ఆ ఐపీ పట్టుకుని, అందరి నడవడీ రాసి పెట్టుకునే ఒక పెద్దమనిషిని అడుగుతాం. అడిగే పద్ధతి తమాషాగా ఉంటుంది. వచ్చినవాడి ఐపీ 203.0.113.45 అనుకోండి. దాన్ని వెనక నుంచి ముందుకి తిప్పి రాస్తాం, 45.113.0.203 అని. దాని వెనక ఆ జాబితా పేరు తగిలిస్తాం. అలా తయారైన పొడుగాటి పేరుని డీఎన్ఎస్‌లో వెతుకుతాం, మామూలు వెబ్‌సైట్ పేరు వెతికినట్టే. "ఆ పేరే లేదు" అని జవాబొస్తే వాడి మీద ఫిర్యాదు లేదన్నమాట. 127.0.0 తో మొదలయ్యే అంకె వస్తే ఏదో ఉంది. చివరి అంకె బట్టి ఏమిటన్నది తెలుస్తుంది. ఇందాక నేను అడిగింది స్పామ్‌హాస్ అనే సంస్థ నడిపే జెన్ జాబితాని. అందులో చివర 2 వస్తే స్పామ్, అంటే చెత్త మెయిల్, పంపేవాడిగా గుర్తించి చేత్తో రాసుకున్న పద్దు. 4 వస్తే సాధారణంగా వైరస్ పట్టిన మిషన్. 10 గానీ 11 గానీ వస్తే అది నేరం కాదు, ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్ లాంటి ఐపీ, అక్కడి నుంచి నేరుగా మెయిల్ రాకూడదని మాత్రమే అర్థం. మీ ఇంటి ఐపీ చూసుకుంటే చాలామందికి అదే వస్తుంది, కంగారు పడకండి.

డీఎన్ఎస్‌ని 1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించింది పేరు చెబితే నంబర్ చెప్పడానికి. టెలిఫోన్ డైరెక్టరీ అనుకోండి. దాన్ని నడవడి చెప్పే పుస్తకంగా వాడుకోవచ్చన్న ఎత్తు 1997 ప్రాంతంలో పాల్ విక్సీ వాళ్ల మ్యాప్స్ జాబితాతో ఊపందుకుంది. మ్యాప్స్ అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలని తిరగేస్తే స్పామ్ అవుతుంది, గమనించారా? ఆ మరుసటి ఏడే, 1998లో, స్టీవ్ లిన్‌ఫర్డ్ స్పామ్‌హాస్ మొదలుపెట్టారు. డీఎన్ఎస్సే ఎందుకంటే ప్రశ్న ఒక చిన్న ప్యాకెట్, జవాబు ఒక చిన్న ప్యాకెట్. ఒకసారి అడిగిన జవాబు కాసేపు దగ్గర దాచుకోవచ్చు. ప్రతి సర్వర్‌లోనూ ఆ సదుపాయం ముందే ఉంది, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.

ఇక అసలు పేచీ. ఆ పెద్దమనిషి ఊరికే ఎందుకు చెబుతాడు? ఆయన దగ్గర మనుషులు పనిచేస్తారు, స్పామ్ వచ్చి పడేలా వలలు వేసి కూచుంటారు, ప్రపంచమంతా సర్వర్లు నడుపుతారు. చిన్నవాళ్లకి ఉచితంగా చెబుతారు. పెద్ద కంపెనీలు డబ్బు కట్టాలి. ఇది న్యాయమే. కానీ అడిగేది చిన్నవాడా పెద్దవాడా అని ఎలా తెలుస్తుంది? ప్రశ్న ఏ డీఎన్ఎస్ రిజాల్వర్ నుంచి వచ్చిందో దాని ఐపీ బట్టే తెలియాలి.

రిజాల్వర్ అంటే మన తరఫున వెళ్లి అడిగొచ్చే మనిషి. చాలామంది ఏం చేస్తారంటే 8.8.8.8 పెట్టేస్తారు. అది గూగుల్ వాళ్లది, 2009 డిసెంబర్‌లో వచ్చింది. లేదా 1.1.1.1, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది, 2018లో వచ్చింది. రెండూ మంచివే. కానీ ఊరందరూ ఒకే పెళ్లిళ్ల పేరయ్యని పంపి వాకబు చేయిస్తే పలాస పెద్దాయనకి ఏం కనబడుతుంది? రోజూ లక్షసార్లు అదే పేరయ్య తలుపు కొడుతున్నాడు. ఎవరి కోసమో చెప్పడు. పర్లాకిమిడిలో పదిమంది ఉన్న ఆఫీసూ, ముంబైలో పదివేలమంది ఉన్న కంపెనీ ఆయనకి ఒక్కలాగే కనబడతాయి. కొన్నాళ్లు ఓర్చుకుని, ఆఖరికి, "ఇకమీదట పేరయ్యకి చెప్పను, ఎవరికి కావాలో వాళ్లనే రమ్మను" అన్నాడు.

ఆ మాటనే అంకెలో చెబితే 127.255.255.254. "నువ్వు పబ్లిక్ రిజాల్వర్ ద్వారా అడుగుతున్నావు, జవాబు ఇవ్వను" అని. 255 తో ముగిస్తే "మరీ ఎక్కువసార్లు అడిగావు". 252 తో ముగిస్తే "జాబితా పేరు తప్పు రాశావు". మూడింట్లోనూ వచ్చినవాడు మంచివాడనీ లేదు, చెడ్డవాడనీ లేదు. తప్పు అడిగినవాడి దగ్గర ఉంది.

ఇప్పుడు నా కథ.

బరంపురంలో ఒక జీడిపప్పు షావుకారుగారికి నలభై మెయిల్ బాక్సులున్న సర్వర్ పెట్టాను. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ మీద. జెన్ జాబితా అడిగి, ఉంటే తలుపు వేసెయ్యమని ఒక్క లైన్ రాశాను. రెండేళ్లు గోడ గడియారంలా నడిచింది. ఆ ఏడు ఠాకురాణి యాత్ర. మాకది రెండేళ్లకోసారి వస్తుంది, ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. పందిళ్లు వేసేవాళ్ల చేతిలో కేబుల్ తెగింది. ఇంటర్నెట్ కుర్రాడు వచ్చి కేబుల్ అతికి, పనిలో పనిగా కొత్త రౌటర్ పెట్టాడు. అందులో డీఎన్ఎస్ 8.8.8.8 అని ఉంది. మర్నాడు పొద్దున్న కరెంటు పోయి వచ్చింది. సర్వర్ మళ్లీ లేచి, రౌటర్ ఏమిచ్చిందో అదే తీసుకుంది. రిజాల్వర్ నంబర్ సర్వర్‌లోనే చేత్తో రాసి స్థిరంగా పెట్టకపోవడం నా బద్ధకం.

పదకొండింటికి విశాఖ నుంచి ఒకాయన ఫోన్. "మీకు మెయిల్ పంపితే తిరిగొస్తోందండీ, మా ఐపీ బ్లాక్‌లిస్ట్‌లో ఉందంటోంది." నేను మహా పెద్దమనిషిలా, "అయితే మీ సర్వర్‌లోనే ఏదో వైరస్ ఉందండీ, చూపించుకోండి" అన్నాను. పన్నెండున్నరకి ఇంకొకరు. వాళ్లకీ అదే సలహా ఇచ్చాను. మూడింటికి షావుకారుగారు పిలిచి, నెమ్మదిగా అడిగారు. "ఏం బాబూ, మన అమ్మవారి యాత్రకి దుబాయివాడు కూడా సెలవు పెట్టాడా? పొద్దుట్నుంచి ఒక్క మెయిలూ లేదు."

అప్పుడు లాగ్ తెరిచాను. ప్రతి లైనూ 554. గూగుల్ నుంచి వచ్చినదీ 554, బ్యాంకు నుంచి వచ్చినదీ 554. తలుపు కొట్టిన ప్రతివాడి గురించీ వాకబు వెళ్లింది. ప్రతిసారీ 127.255.255.254 అని జవాబొచ్చింది. నేను రాసిన లైనుకి తెలిసింది ఒక్కటే: ఏదో అంకె వచ్చింది కాబట్టి వీడు దొంగ. పెద్దాయన "నీకు చెప్పను పో" అంటే, "పెళ్లికొడుకు తాగుబోతట" అని ఇంటికొచ్చి చెప్పినట్టు. (నవ్వులు)

సరిచెయ్యడానికి ఐదు నిమిషాలు. క్షమాపణ ఫోన్లకి ఆ సాయంత్రమంతా. ఎందుకంటే 554 అంటే శాశ్వతంగా కాదన్నట్టు, పంపినవాడి సర్వర్ మళ్లీ ప్రయత్నించదు. 450 అని ఉంటే "తర్వాత రా" అన్నట్టు, అది కాసేపాగి మళ్లీ వచ్చేది. విశాఖ ఆయనకి ఫోన్ చేసి, "వైరస్ మీ దగ్గర లేదండీ" అన్నాను. ఆయన అప్పటికే ఒక కుర్రాణ్ణి పిలిచి సర్వర్ మొత్తం ఫార్మాట్ చేయించేశాడు. ఇప్పటికీ ఆయన ఎదురుపడితే నేను రోడ్డు దాటేస్తాను.

నాది గట్టి దెబ్బే గానీ, కనబడే దెబ్బ. కనబడని దెబ్బ ఇంకొకటుంది. ఒకప్పుడు పబ్లిక్ రిజాల్వర్ నుంచి అడిగితే "ఆ పేరు లేదు" అని వచ్చేది. అంటే అందరూ మంచివాళ్లే! స్పామ్ వరదలా వస్తుంటే సర్వర్ చూసుకునేవాడు "ఈ జాబితాలు దండగ" అని తిట్టుకునేవాడు. నిజానికి జాబితా అతనికి ఏనాడూ జవాబే ఇవ్వలేదు. యూఆర్ఐబీఎల్ అని ఇంకో జాబితా ఉంది, మెయిల్ లోపలి లింకుల సంగతి చెబుతుంది. "నీకు జవాబు ఇవ్వను" అనడానికి అది 127.0.0.1 వాడుతుంది. స్పామ్ అస్సాసిన్ అనే స్పామ్ వడపోత నడిపేవాళ్లు మెయిల్ హెడర్‌లో యూఆర్ఐబీఎల్ బ్లాక్డ్ అన్న మాట చూసే ఉంటారు. ఆ మెయిల్‌ని బ్లాక్ చేశారని చాలామంది అనుకుంటారు. కాదు, బ్లాక్ చేసింది మిమ్మల్ని.

మార్కులిచ్చేవాళ్లు కూడా ఉన్నారు. సెండర్ స్కోర్ అని. ముందు రిటర్న్ పాత్ అనే కంపెనీది, 2019లో వాలిడిటీ వాళ్లు కొన్నారు. మన పిల్లల మార్కుల్లాగే సున్నా నుంచి నూరు దాకా, గడిచిన 30 రోజుల నడవడి చూసి ఇస్తారు. డీఎన్ఎస్‌లో అడిగితే 127.0.4 తర్వాత వచ్చే అంకే మార్కు. చివర 92 వస్తే నూటికి తొంభై రెండు. నాకు ఈ ఏర్పాటు ముచ్చటగా ఉంటుంది, ఐపీ అడ్రస్ తోకలో ప్రోగ్రెస్ కార్డు. 2024 నుంచి వాళ్లూ గేటు పెట్టారు. పేరు నమోదు చేసుకోకుండా అడిగితే 30 రోజులకి 10,000 ప్రశ్నలే. రోజుకి 333. మా షావుకారుగారి సర్వర్ తలుపు అంతకన్నా ఎక్కువసార్లు కొడతారు, దొంగలతో కలిపి. అకౌంట్ తెరిచి, మన ఐపీ ఫలానా అని చెప్పుకుంటే ఆ గేటు సడలుతుంది.

(సభలోంచి ఒక విద్యార్థి: సార్, అయితే 8.8.8.8 వాడకూడదా?)

నీ ఫోన్‌లో హాయిగా వాడుకో నాన్నా. మెయిల్ సర్వర్‌లో వద్దు. అక్కడ సొంత రిజాల్వర్ పెట్టు. అన్‌బౌండ్ అని ఉంది, ఉచితం, చిన్నది. బైండ్ అనే ఇంకో రిజాల్వర్ ముందే ఉంటే అదైనా సరే. పెట్టాక సర్వర్‌లో నేమ్‌సర్వర్ అన్నచోట 127.0.0.1 రాయాలి, అంటే "నన్ను నేనే అడుగుతాను" అని. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. అన్‌బౌండ్ పెట్టి, దాన్ని మళ్లీ 8.8.8.8కి ఫార్వర్డ్ చేస్తారు. ఇంట్లో మనిషిని పెట్టుకుని, అతన్ని పేరయ్య ఇంటికి పంపినట్టు. ఫార్వర్డ్ లైన్ తీసెయ్యాలి, అది తనంతట తాను డీఎన్ఎస్‌కి మొదలైన రూట్ సర్వర్ల దగ్గర మొదలుపెట్టి అడుక్కుంటూ వెళ్లాలి. ఆఫీసులో మిగతా పేర్లన్నీ ఫార్వర్డ్ చేసి తీరాలంటే, ఈ జాబితాల పేర్లు మాత్రం నేరుగా వెళ్లేలా విడిగా రాసుకోవచ్చు.

ఇంకో తిరకాసు ఉంది. కొన్నిచోట్ల ఇంటర్నెట్ ఇచ్చేవాడే 53వ పోర్టులో వెళ్లే ప్రశ్నల్ని దారిలో పట్టుకుని తన రిజాల్వర్ నుంచి పంపుతాడు. నీకు తెలియనే తెలియదు. హూయామై డాట్ అకమై డాట్ నెట్ అన్న పేరు డిగ్‌తో అడిగి చూడు, ఏ ఐపీ నుంచి ప్రశ్న వచ్చిందో అదే జవాబుగా ఇస్తుంది. నీ ఐపీ కాకపోతే ఎవరో మధ్యలో ఉన్నారు. అప్పుడు తాళంచెవి దారి పట్టాలి. స్పామ్‌హాస్ వాళ్లు డేటా క్వెరీ సర్వీస్ అని ఇస్తారు. పేరు, ఈమెయిల్ ఇచ్చి నమోదు చేసుకుంటే పొడుగాటి కీ వస్తుంది. ప్రశ్నలో జాబితా పేరుకి ముందు అది చేర్చి అడిగితే, దారిలో ఎవరి చేతులు మారినా అడిగింది ఫలానావాడని తెలిసిపోతుంది. చిన్న వాడకానికి అదీ ఉచితమే. ఆ కీ మాత్రం ఎక్కడా బయటపెట్టకు. ముఖ్యంగా తిరుగు జవాబులో కనబడకుండా చూసుకో. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా "ఫలానా జాబితా వల్ల కాదంటున్నాను" అని పంపినవాడికి పూర్తి పేరు చెప్పేస్తుంది, అందులో కీ కూడా పోతుంది. ఆ పేరు మార్చి చూపించే సెట్టింగ్ ఉంది, మర్చిపోకు.

ఇక నా తప్పు నువ్వు చేయకుండా ఉండాలంటే, ఏ అంకెలొస్తే తలుపు వేయాలో లైనులోనే రాయాలి. జెన్‌కి చివరి అంకె 2 నుంచి 11 లోపు ఉంటేనే అని. 255 లు ఏవొచ్చినా తలుపు జోలికి పోకుండా నీకు కబురు చెప్పాలి. కొత్త జాబితా ఏది పెట్టినా ఒక వారం వార్న్ ఇఫ్ రిజెక్ట్ అని పెట్టు. లాగ్‌లో రాస్తుంది, ఎవర్నీ ఆపదు.

(ఒక మేడమ్, స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటారట: మా మెయిల్ అంతా పెద్ద కంపెనీ దగ్గరే ఉంది. మాకిదంతా ఎందుకు?)

మీకు ఈ బెడద లేదమ్మా, అదృష్టవంతులు. మీరు పెళ్లికొడుకు తరఫు. మీ స్కూలు వెబ్‌సైట్ ఫారమ్ నుంచి మెయిల్ వెళ్తుంటే, ఆ సర్వర్ ఐపీ జాబితాలో పడితే తల్లిదండ్రులకి మెయిల్ అందదు. అప్పుడు ముందు కారణం సరిచేయించండి, తర్వాత పేరు తీసెయ్యమని అడగండి. స్పామ్‌హాస్ పేరు తీయడానికి పైసా తీసుకోదు. డబ్బిస్తే తీయిస్తామని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపెయ్యండి.

(ఒక పెద్దాయన, రిటైరైన పోస్ట్‌మాస్టర్: ఎవరో ఎక్కడో కూచుని మంచి చెడ్డలు రాయడమేమిటి? వాళ్ల పుస్తకం తప్పయితేనో?)

మాస్టారూ, మీకో మాట. ఇంటర్నెట్ నియమాల ప్రకారం మెయిల్ తీసుకునే ప్రతి డొమైన్‌లోనూ పోస్ట్‌మాస్టర్ అనే అడ్రస్ ఉండి తీరాలి. మీ ఉద్యోగానికి ఎక్కడా రిటైర్మెంట్ లేదు. (నవ్వులు, చప్పట్లు)

మీరడిగింది చాలా పెద్ద ప్రశ్న. వాళ్లు ఎవర్నీ ఆపరు, అభిప్రాయం చెబుతారంతే. ఆపేది మనం. అందుకే ఒక్కరి మాట మీద తలుపు వేసే బదులు, స్పామ్ అస్సాసిన్ లాంటిదాంట్లో ఒక్కొక్కరి మాటకీ కొన్ని పాయింట్లిచ్చి, అన్నీ కలిపి చూడమంటాను. పుస్తకం తప్పడం కూడా జరిగింది. చచ్చిపోయిన జాబితాలు ఘోరం చేశాయి. ఓఆర్‌డీబీ అని ఒకటి 2006 డిసెంబర్‌లో మూతపడింది. మూసేశామని చెప్పినా జనం తమ సర్వర్లలోంచి ఆ పేరు తీయలేదు, ఏడాది దాటినా అడుగుతూనే ఉన్నారు. 2008 మార్చిలో అది ఎవర్ని అడిగినా "వాడు దొంగే" అనడం మొదలెట్టింది. ప్రపంచంలో ఎన్ని ఆఫీసుల మెయిల్ ఆ రోజు ఆగిందో! 2018లో స్పామ్ కానిబాల్ అనే జాబితా డొమైన్ గడువు తీరిపోయి, ఇంకెవరి చేతిలోనో పడి, అదీ అందర్నీ దొంగలన్నది. 2024 జూన్‌లో సోర్బ్స్ అనే జాబితా మూతపడింది, అది మాత్రం మర్యాదగా జాబితా ఖాళీ చేసి వెళ్లింది. మీ సర్వర్లలో ఇంకా ఆ పేరుంటే ఇంటికెళ్లగానే తీసెయ్యండి.

జాబితా బతికుందో లేదో తెలుసుకునే ఉపాయం ఆ పద్ధతిలోనే ఉంది. 2010లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5782 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రం ఏం చెబుతుందంటే, ఐపీ జాబితా ఏదైనా సరే 127.0.0.2 అని అడిగితే "ఉంది" అనాలి, 127.0.0.1 అని అడిగితే "లేదు" అనాలి. ఈ రెండు ప్రశ్నలూ రోజుకోసారి వేసి, జవాబు తేడా వస్తే నాకు ఎస్ఎంఎస్ వచ్చేలా పెట్టుకున్నాను. నాలుగు లైన్ల స్క్రిప్టు. మొదటి ప్రశ్నకి "లేదు" అంటే జాబితా మూగపోయింది, లేదా నన్ను కాదంటోంది. రెండో ప్రశ్నకి "ఉంది" అంటే దానికి పిచ్చెక్కింది. ఇందాక మొదట్లో నేను వేసింది ఆ మొదటి ప్రశ్నే.

సరే, మాట్లాడుతూనే ఈ లాప్‌టాప్‌లో అన్‌బౌండ్ పెట్టాను. అదే వైఫై, అదే ప్రశ్న. తిరగేసి 2.0.0.127, జెన్ డాట్ స్పామ్‌హాస్ డాట్ ఆర్గ్. ఈసారి పేరయ్య లేడు. ఎంటర్.

చూడండి. 127.0.0.2, 127.0.0.4, 127.0.0.10. మూడు జవాబులు. మాస్టారూ, వెనక నుంచి కనబడుతోందా? అక్షరాలు కొంచెం పెద్దవి చేస్తాను.